శివాజీనగర్‌లో రెండు కొవ్వొత్తులు

బెంగుళూరు చూడడానికి వచ్చే చుట్టాలను తిప్పవలసిన చోట్లన్నీ నాకు కంఠతా వచ్చు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, విధాన సౌధ, బసవనగుడి నంది, సాయంత్రం ఎం.జి. రోడ్డు. 2014లో కాగితాల మీద పేరు బెంగళూరు అయింది గాని, ముప్ఫై రెండేళ్ళుగా ఇక్కడ వుంటున్న మాకు ఇది బెంగుళూరే. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కాని నా జాబితాలో ఎన్నడూ లేని ఒక చోటు గురించి ఇప్పుడు రాయబోతున్నాను. అక్కడికి నేను ఎవరినీ తీసుకువెళ్ళలేదు. మా అమ్మా, మా ఆవిడా కలిసి నన్నే తీసుకువెళ్ళారు.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తక్కినది అర్థం కాదు.

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. లూథరన్ కుటుంబం. కాని మా అమ్మ పుట్టింటివారు బైబిలు మిషను వాళ్ళు. కోస్తా జిల్లాల పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసుగారు 1938లో రాజమండ్రిలో ప్రారంభించిన సంఘం అది. ఆయన 1960లో ప్రభువు సన్నిధికి వెళ్ళారు. అయినా ఆ ఇళ్ళలో "అయ్యగారు" అంటే ఇప్పటికీ ఆయనే. ఏటా జనవరి నెలాఖరున గుంటూరు దగ్గర కాకానిలో జరిగే మహాసభలకు జనం ఎక్కడెక్కడినుంచో మూటా ముల్లే సర్దుకుని వస్తారు. కలలు, దర్శనాలు, స్వస్థతలు అపొస్తలుల కాలంతో ముగిసిపోయాయని వాళ్ళు అనుకోరు. ఇవాళ పొద్దున్న, మన ఇంట్లో, మన వంటింటి పక్కన కూడా జరగవచ్చు అనుకుంటారు.

మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ముసుగు వేసుకుని, గోడకి ఆనుకుని కూర్చుంటుంది. పాట వుండదు, మాట వుండదు. దాన్ని వాళ్ళు "సన్నిధిలో కనిపెట్టడం" అంటారు. చిన్నప్పుడు ఒకసారి నేను నిద్రలోంచి లేచి "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"ఏమీ చెయ్యడం లేదురా. తలుపు గడియ తీసిపెట్టి కూర్చున్నాను" అంది.

ఆవిడ దగ్గర ఒక నోటు పుస్తకం వుంటుంది. ఒక్కో పుట మధ్యలో గీత. ఎడమవైపు తను అడిగినవి, కుడివైపు వచ్చిన జవాబులు. కలలు కూడా అందులోనే రాసుకుంటుంది, తేదీలతో సహా.

మా ఆవిడది విజయవాడ. కతోలిక కుటుంబం. గుణదల కొండ నీడలోనే పెరిగింది. అక్కడి లూర్దుమాత స్వరూపాన్ని 1924లో ఆర్లాటి అనే గురువు నెలకొల్పారు. ఫిబ్రవరి 11 పండుగకి కొండ నిండా జనమే. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళు. మా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ కోడలిని ఏమీ అనలేదు గాని, "వాళ్ళ గుడి"కి మాత్రం ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. దేవుడి దగ్గరికి నేరుగా వెళ్ళక మధ్యలో మరియమ్మ దగ్గర ఆగడమెందుకని ఆవిడ బాధ. "మా అమ్మ దగ్గరికెళ్ళి నాన్నకి చెప్పమంటే తప్పేమిటత్తయ్యా?" అని మా ఆవిడ వాదన. ఇద్దరూ మంచివాళ్ళే కనుక వాదన ఎప్పుడూ పోట్లాట కాలేదు, ఎప్పుడూ తెగనూ లేదు.

ఇక నేను. ఒక కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేశాను. వెర్నియరూ, మైక్రోమీటరూ నా జపమాల. మిల్లీమీటరులో వందోవంతు తేడా వస్తే సరుకు వెనక్కి పంపేవాణ్ణి. ఆదివారం గుడికి వెళ్ళేవాణ్ణి, చందా ఇచ్చేవాణ్ణి, పాటలు పాడేవాణ్ణి. అద్భుతాలు జరిగాయని బైబిలులో వుంటే ఒప్పుకునేవాణ్ణి. మన వీధిలో జరిగాయంటే నవ్వుకునేవాణ్ణి. నా విశ్వాసం అంతా మర్యాదగా పుస్తకంలోనే వుండేది.

2018 ఆగస్టు ఆఖరులో మా ఆవిడకి రొమ్ములో గడ్డ కనిపించింది. డాక్టరుగారు సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఆ పది రోజులూ ఎలా గడిచాయో అలాంటివి గడిపినవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. మా ఆవిడ వంట చేసేది, పెట్టేది, గిన్నెలు తోమేది. రాత్రి పడుకునేది కాదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. కబురు విని మా అమ్మ గుంటూరులో రాత్రి రైలెక్కి వచ్చేసింది. అప్పటికి ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు.

వచ్చిన మూడోరోజు పొద్దున్న మా ఆవిడ, "ఇప్పుడు శివాజీనగర్ మాత నవదిన ప్రార్థనలు జరుగుతున్నాయి. ఒక్కసారి వెళ్ళొస్తాను" అంది. నేను చెప్పులు వేసుకుంటుండగా మా అమ్మ చీర మార్చుకుని గదిలోంచి బయటికి వచ్చింది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాను.

"అమ్మాయి వెంట" అంది. అంతే. ఇరవై ఆరేళ్ళ సంగతి ఆ రెండు మాటల్లో అయిపోయింది.

శివాజీనగర్ బస్టాండు మీకు తెలిసే వుంటుంది. తెలియకపోతే ఒక పండుగ రోజు విజయవాడ బస్టాండునీ, సుల్తాన్ బజారునీ కలిపి వూహించుకోండి. కన్నడం, తమిళం, దక్కనీ ఉర్దూ, మన తెలుగు అన్నీ ఒకే బేరంలో వినిపిస్తాయి. అటు రస్సెల్ మార్కెట్టు, పూల దుకాణాలు, పళ్ళ బళ్ళు, మసీదులోంచి అజాన్. ఆ సందడి మధ్యలోంచి తలెత్తితే 160 అడుగుల గోపురం. అదే సెయింట్ మేరీస్ బసిలికా. ఒకప్పుడు ఆ పేటని "బిళి అక్కి పళ్ళి" అనేవారట. అంటే తెల్లబియ్యపు పల్లె. ఇంగ్లీషువాళ్ళ నోట అది బ్లాక్‌పల్లి అయింది. తెలుపు నలుపు కావడమంటే ఇదే.

ఆగస్టు 29న జెండా ఎత్తితే తొమ్మిది రోజుల ప్రార్థనలు, సెప్టెంబరు 8న మాత పుట్టినరోజు పండుగ, సాయంత్రం తేరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంటిపిల్లలు కూడా కాషాయరంగు బట్టలు కట్టుకుని వస్తారు. తెలియనివాళ్ళు చూస్తే శబరిమల యాత్రికులో, పాదయాత్ర చేసే భక్తులో అనుకుంటారు. ఆ జనంలో క్రైస్తవులు ఎందరో, కానివాళ్ళు ఎందరో ఎవరూ లెక్కపెట్టరు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు అదే వరసలో నిలబడి వుంటారు. చీర కట్టుకున్న మరియమ్మ, చేతిలో బిడ్డ. ఇక్కడివాళ్ళు ఆవిడని ఆరోగ్యమాత అంటారు.

మా ఆవిడ వరసలో నిలబడింది. మా అమ్మ లోపలికి వచ్చింది గాని స్వరూపం దగ్గరికి వెళ్ళలేదు. ఒక బల్ల చివర చోటు దొరికితే కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో నాలుగింటికి గోడ పక్కన కూర్చున్నట్టే. చుట్టూ తమిళంలో జపమాల, పిల్లల ఏడుపులు, కొవ్వొత్తుల మైనం వాసన. ఆవిడకి అవేవీ పట్టినట్టు లేదు. నేను ఒక స్తంభం పక్కన నిలబడి, సూదిగా మొనదేలిన ఆ వంపులు ఎంత కచ్చితంగా కట్టారో చూస్తున్నాను. అలవాటు పోదు కదా.

బయటికి వచ్చాక జరిగిన సంగతి ఇది. గోడవార కొవ్వొత్తులు అమ్మే ముసలమ్మ దగ్గర మా ఆవిడ ఒక కొవ్వొత్తి తీసుకుని డబ్బులిచ్చింది. ముసలమ్మ చిల్లర ఇవ్వకుండా మా ఆవిడ ముఖంలోకి చూసి, "తెలుగా?" అంది. అవునంది మా ఆవిడ. "రెండు వెలిగించమ్మా. ఒకటి నీకు. ఇంకొకటి కోసేవాడి చేతికి" అంది, తమిళం కలిసిన తెలుగులో. ఇంకో కొవ్వొత్తి చేతిలో పెట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

మా ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఆపరేషను మాట అప్పటికి మా ఇంట్లో కూడా ఎవరం పైకి అనలేదు. డాక్టరుగారు కూడా అనలేదు. ఫలితమే రాలేదాయె.

బస్సులో తిరిగి వస్తూ నేను నా తనిఖీ మొదలుపెట్టాను. "అది ఆరోగ్యమాత గుడి. అక్కడికి దిగులు ముఖంతో వచ్చే ఆడవాళ్ళలో సగంమంది ఆస్పత్రికి వెళ్ళబోయేవాళ్ళే. ఆ ముసలమ్మ ఏళ్ళ తరబడి ముఖాలు చూస్తోంది. ఆ మాట పదిమందికి చెబితే అయిదుగురికి తగులుతుంది" అన్నాను.

మా అమ్మ కిటికీలోంచి చూస్తూ, "నిజమేరా" అంది. కాసేపాగి, "అయితే ఏం? తొమ్మిది రాత్రుల్నుంచి మనం ముగ్గురం నోట రాకుండా దాచుకున్న మాట ఆవిడ నోట వచ్చింది. అనుభవంతో అందో, ఎవరైనా అనిపించారో అది దేవుడికి తెలుసు. అమ్మాయికి కావలసిన మాటా కాదా, అది చూడు" అంది.

ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోయింది. పదింటికి పడుకుని పొద్దున్న ఏడింటికి లేచింది. నా మైక్రోమీటరుకి అందిన ఫలితం అదొక్కటే. కాని దాన్ని నేను కాదనలేను. ఆ ఇంట్లో పక్కన పడుకున్నవాణ్ణి నేనే.

ఆ గుడి కథ తరవాత తీరిగ్గా చదివాను. చదివాక ముసలమ్మ మాట మరో రకంగా వినిపించింది.

సెంజి ప్రాంతం నుంచి వలస వచ్చిన తమిళ క్రైస్తవులు మొదట అక్కడ ఒక పూరిపాక గుడి కట్టుకున్నారు. కాణిక్కై మాత గుడి అనేవారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో శ్రీరంగపట్నం వైపు నుంచి ఒక ఫ్రెంచి గురువు వచ్చి అక్కడ పూజలు చేసేవారు. ఆ గుడిని పెద్దది చేయించిందీ ఆయనే. ఆయన పేరు అబే డుబువా. హిందువుల ఆచార వ్యవహారాల మీద పెద్ద పుస్తకం రాసినవాడిగా చరిత్ర చదివినవాళ్ళకి ఆయన తెలుసు. ఆ పుస్తకంతో ఎంతమంది ఏకీభవిస్తారన్నది వేరే సంగతి. నాకు ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. 1796లో ఇంగ్లండులో జెన్నరు మశూచికి టీకా కనిపెట్టాడు. 1802లో ఆ టీకా మనదేశానికి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే, 1803-04లో, ఈ గురువు మైసూరు రాజ్యంలో వూరూరా తిరిగి 25 వేలమందికి పైగా టీకాలు వేయించాడు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకునే రోజులవి. కొత్త మందంటే జనానికి హడల్. ఆ రోజుల్లో జపమాల పట్టిన చేత్తోనే ఆయన టీకా పని కూడా చేశాడు.

1882 సెప్టెంబరు 8న తెరిచిన ఇప్పటి గుడి ఆయన చూసింది కాదు. ఆయన 1823లోనే స్వదేశానికి వెళ్ళిపోయాడు. 1973లో పోపుగారు దీన్ని బసిలికాగా గౌరవించారు. ఆ గోపురం కింద నిలబడినప్పుడల్లా నాకు రెండు కొవ్వొత్తులు గుర్తొస్తాయి. ఒకటి రోగికి, ఒకటి చెయ్యి చేసుకునే వైద్యుడికి. ముసలమ్మకి ఈ చరిత్ర తెలుసని నేననుకోను. కాని ఆ గుడికి మొదటినుంచీ తెలుసు.

ఈ వూళ్ళో ఆ రెండూ విడిపోలేదు, చూడండి. 1898లో ప్లేగు వచ్చి వేలమంది పోయినప్పుడు జనం ప్లేగు మారియమ్మకి గుళ్ళు కట్టి మొక్కుకున్నారు. అదే ఏడు ఇరుకు పేటలనుంచి జనాన్ని బయటికి తేవాలని మల్లేశ్వరం, బసవనగుడి కొత్త పేటలు వేశారు. గుడ్ షెపర్డ్ కన్యాస్త్రీలు 1886లో తెరిచిన సెయింట్ మార్తాస్ ఆస్పత్రి ఇప్పటికీ నృపతుంగ రోడ్డులో నడుస్తోంది. గంట కొట్టగానే ప్రార్థనకి వెళ్ళే కన్యాస్త్రీలే అక్కడ రోగుల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు.

ఇలా రాస్తే అంతా సాఫీగా వున్నట్టు కనిపిస్తుంది. కాదు. ఆ పది రోజుల్లోనే తెలిసినవాళ్ళు ఒకరు బలవంతం చేసి మమ్మల్ని ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్ళారు. ఎక్కడ, ఎవరిది అన్నది ఇక్కడ అనవసరం. పెద్ద పందిరి, పెద్ద మైకులు. ప్రసంగీకుడు మా ఆవిడ తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించాడు. బాగానే వుంది. తరవాత, "నీకు స్వస్థత అయిపోయింది సోదరీ. ఇక ఆస్పత్రికి వెళ్ళావంటే నీకు విశ్వాసం లేనట్టే" అన్నాడు. మా ఆవిడ ముఖం పాలిపోయింది. ఆస్పత్రికి వెళితే విశ్వాసం లేదు, వెళ్ళకపోతే ప్రాణం లేదు. ఇదేం ఇరకాటం?

నాకు కోపం వచ్చింది. నాకంటే ముందు మా అమ్మ లేచింది. కలలనీ దర్శనాలనీ నమ్మే మా అమ్మ. కోడలి చెయ్యి పట్టుకుని, "బాబూ, దేవుడు చెప్పాడంటే పరీక్షకి నిలబడుతుంది. పరీక్షకి వెళ్ళొద్దన్నవాడు దేవుడు కాడు" అని నెమ్మదిగా చెప్పి, మమ్మల్ని బయటికి తీసుకొచ్చింది.

ఆటోలో వస్తూ చెప్పింది. పౌలు భక్తుడు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో, దేవుని ఆత్మ వెలిగించినదాన్ని ఆర్పేయకండని ఒక పక్క చెప్పి, వెంటనే ప్రతిదాన్నీ పరీక్షచేసి చూడమని కూడా చెప్పాడట. "నీకు రెండోది వచ్చు, మొదటిది రాదు. ఆ పందిట్లో వాళ్ళకి మొదటిది వచ్చు, రెండోది రాదు. రెండూ ఒకే నోట చెప్పాడురా ఆయన" అంది.

తరవాత తెలిసింది, మా ఆవిడ చిన్నప్పుడు మెట్లెక్కిన గుణదల మాతకి మూలమైన ఫ్రాన్సులోని లూర్దులో కూడా ఇదే పద్ధతి. 1858లో అక్కడ ఒక పేదపిల్లకి మాత దర్శనమిచ్చిందంటారు. అప్పటినుంచీ బాగయ్యామని చెప్పినవాళ్ళు వేలల్లో వున్నారు. అక్కడ ఒక వైద్య కార్యాలయం పెట్టి ఒక్కొక్క సంగతినీ డాక్టర్లచేత ఏళ్ళ తరబడి పరీక్ష చేయిస్తారు. కతోలిక సంఘం ఇన్నేళ్ళలో అద్భుతాలని ఒప్పుకున్నవి డెబ్బై చిల్లర మాత్రమే. నా తనిఖీ విభాగం కంటే గట్టి తనిఖీ అది! అద్భుతాలని అందరికంటే ఎక్కువ నమ్మేవాళ్ళే వాటిని అందరికంటే ఎక్కువగా వడపోస్తారని నాకు అప్పటివరకూ తెలియదు.

పరీక్ష ఫలితం వచ్చింది. కాన్సరే. మొదటి దశ అన్నారు. సెప్టెంబరు మధ్యలో ఆపరేషను. ముందురోజు డాక్టరుగారు చూడ్డానికి వచ్చినప్పుడు మా ఆవిడ సిగ్గుపడుతూనే, "మీ చేతికోసం ఒక కొవ్వొత్తి వెలిగించాను సార్" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మన మతంవాడు కాదు. తన అరచేతులు ఒకసారి చూసుకుని, "అది నాకు కావాలమ్మా. రోజూ కావాలి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఆపరేషను బాగా జరిగింది. తరవాత మందులు, జుట్టు వూడడం, వాంతులు, అన్నీ అయ్యాయి. ఏవీ తప్పలేదు. ఇప్పుడు ఏడాదికోసారి పరీక్షకి వెళ్ళి వస్తోంది. ఇదంతా అద్భుతమేనా అని మీరడిగితే, డాక్టర్ల పనితనం అని ఒక చేత్తో, కాదనడానికి వీల్లేనిది ఇంకేదో వుందని ఇంకో చేత్తో జవాబు రాస్తాను.

కాని ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఆస్పత్రిలో మా పక్క మంచం మీద హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక ఆవిడ వుండేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. తెలుగువాళ్ళమని మాతో కలిసిపోయింది. తనకి క్రీస్తు ఎవరో అంతగా తెలియదు. అయినా మా ఆవిడ చెబితే తన భర్తని శివాజీనగర్ పంపించి రెండు కొవ్వొత్తులు వెలిగించమంది. మా అమ్మ రోజూ ఆవిడ కాళ్ళు పట్టేది, ఆవిడకోసం నాలుగింటికి లేచి కనిపెట్టేది. ఆవిడ సంక్రాంతి దాటాక పోయింది.

కబురు తెలిసిన రోజు నేను మా అమ్మ మీద విరుచుకుపడ్డాను. "అదే కొవ్వొత్తి, అదే ప్రార్థన, అదే నువ్వు. మనకి జవాబు వచ్చింది, ఆవిడకెందుకు రాలేదు? ఇద్దరు పసిపిల్లలమ్మా!"

మా అమ్మ దగ్గర వాక్యం ఒకటి సిద్ధంగా వుంటుందనుకున్నాను. లేదు. చాలాసేపు వూరుకుని, "నాకు తెలియదురా" అంది. నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమవైపు ఆవిడ పేరు, దాని కింద ఇద్దరు పిల్లల పేర్లు. కుడివైపు ఖాళీ. వెనక్కి తిప్పితే అలాంటి ఖాళీలు ఎన్నో. మా నాన్న పేరు ఎదురుగా ఖాళీ. ఉద్యోగం రాక వూరు వదిలిన మా తమ్ముడి పేరు ఎదురుగా ఖాళీ. ఇన్నేళ్ళూ నేను ఆ పుస్తకం నిండా జవాబులే వుంటాయనుకున్నాను. లెక్కపెడితే ఖాళీలే ఎక్కువ.

"మరి ఎందుకమ్మా రాస్తావు?" అన్నాను.

"రాకపోతే ఖాళీ అని తెలియడానికి. వచ్చినవి మాత్రమే రాస్తే అది పొగడ్త పుస్తకం అవుతుంది" అంది. ఆ పిల్లల పేర్లు ఇప్పటికీ ఆవిడ తెల్లవారుజామున తలుచుకుంటుంది. వాళ్ళ బడి ఫీజుకి ఏడాదికోసారి పింఛనులోంచి ఎంతో కొంత పంపుతుంది. ఆ పంపడం కుడివైపు రాసుకోదు.

మందులన్నీ అయ్యాక ఒక గురువారం మా ఆవిడ కోరికమీద వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్ళాం. గురువారం ఆ పేటలో ఆటోలు కదలవు. పొద్దున్నించీ రాత్రిదాకా ఒక భాష తరవాత ఒక భాషలో ప్రార్థనలు. అక్కడి బాలయేసు మూలరూపం ప్రాగ్ నగరంలో వుంది. మూరెడు ఎత్తున్న మైనపు బొమ్మ. 1628లో ఒక రాణివాసపు ఆవిడ అక్కడి కార్మెలు మఠానికి ఇచ్చింది. ఆ చిన్నబొమ్మ పేరుమీద ఇంత దూరాన, ఒకప్పుడు గుడారంలో మొదలై, 1971లో విచారణగా ఏర్పడిన గుడి ఇది.

ఆ రోజు కృతజ్ఞతలు చదువుతుంటే విన్నాను. ఒకరికి ఉద్యోగం, ఒకరికి అద్దె ఇల్లు, ఒకరికి గణితంలో పాసుమార్కులు, ఒకరికి వీసా. నాకు నవ్వొచ్చింది. "దేవుడు వీసా ఆఫీసులో గుమాస్తానా అమ్మా?" అన్నాను మెల్లగా.

మా అమ్మ, ఆవిడ ఆ గుడికి కూడా వచ్చింది లెండి, నా వంక చూసి, "బలపం ముక్క కావాలన్నా, జ్వరం వచ్చిందన్నా నా దగ్గరికే వచ్చేవాడివి. బలపానికి రాకుండా జ్వరానికి మాత్రమే వస్తే నేను నీకు అమ్మనా, డాక్టరునా?" అంది.

అప్పుడు నాకు తోచింది ఇది. పెద్ద ఆపద వచ్చినప్పుడు ఆకాశం వైపు చూడడం ఎవరికైనా వస్తుంది. రోజువారీ బతుకులో, బస్సులో, వంటింట్లో, చిల్లర దగ్గర, మన లెక్కకి అందనిది కూడా మనతో మాట్లాడవచ్చునని చెవి ఒగ్గి వుండడం వేరు. అది వింతల కోసం వెతుక్కోవడం కాదు. విన్నదాన్ని గుడ్డిగా నమ్మడమూ కాదు. గడియ తీసి వుంచడం, వచ్చినదాన్ని పరీక్షించి తీసుకోవడం, రానిదాన్ని ఖాళీగా రాసుకోవడం, ఈలోగా మన చేతిలో వున్న పని చెయ్యడం. ఈ నాలుగూ మా అమ్మ చదువు. నాకు మూడోదీ నాలుగోదీ కొంచెం పట్టుబడ్డాయి. రెండోది ముందే వచ్చు. మొదటిది ఇంకా నేర్చుకుంటున్నాను.

ఈసారి మీరు సెప్టెంబరు మొదటివారంలో బెంగుళూరు వస్తే, లాల్‌బాగ్‌తోపాటు శివాజీనగర్ కూడా వెళ్ళండి. ఏ మతంవారైనా సరే. పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోండి, జనం ఎక్కువ. తేరు రోజున బస్సులు చుట్టూ తిరిగి పోతాయి, కాస్త ముందే బయలుదేరండి. రస్సెల్ మార్కెట్టులో పూలు బేరమాడవచ్చు, కొవ్వొత్తులు మాత్రం బేరమాడకండి. ఆ ముసలమ్మకోసం నేను తరవాత చాలాసార్లు చూశాను. గోడవార కూర్చునేవాళ్ళు మారుతుంటారు. ఆవిడ మళ్ళీ కనబడలేదు. దీన్లో ఏ వింతా లేదు. వయసు మీరిన మనిషి, కొడుకు దగ్గరికి వెళ్ళి వుండవచ్చు.

రెండో కొవ్వొత్తి డబ్బులు మాత్రం ఆవిడకి బాకీ వున్నాం. అందుకని మా ఆవిడ వెళ్ళినప్పుడల్లా రెండు కొని, ఒకటి తను వెలిగించి, ఇంకొకటి పక్కన దిగులుగా నిలబడ్డవాళ్ళ చేతిలో పెట్టి వస్తుంది. ఏమీ చెప్పదు. కిందటి ఏడు ఆ పని తనకు బదులు నన్ను చెయ్యమంది. చేశాను.